పాత జీపును కాస్త ఎత్తు చేసే ముందు

తాడ్వాయి అడవి దారులకు కమాన్ పట్టీల జీపును ఒకటిన్నర, రెండు అంగుళాలు లేపితే చాలు.

– తుప్పు బోల్టులకు ముందు రోజే నూనె కొట్టండి.

– జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు. గట్టి నేల మీద చాసిస్ కింద స్టాండ్లు పెట్టండి, నేల మీదున్న చక్రాలకు అడ్డాలు వేయండి. ఇటుకలు వద్దే వద్దు, ఒక్కసారిగా పగులుతాయి.

– నాకు ఎక్కువ టెన్షన్ బ్రేకు గొట్టాల గురించే. ఇరుసు పూర్తిగా కిందికి వేలాడినప్పుడు కూడా అవి బిగుసుకోకూడదు. పొడవు చాలకపోతే పని అక్కడే ఆపి, పొడవైనవి తెచ్చుకోండి.

– కమాన్ పట్టీలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొత్తవే వేయండి. పాతవి సాగి ఉంటాయి.

– కమాన్ పట్టీల చివర్లలో రబ్బరు బుష్‌ల గుండా వెళ్లే బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద పడ్డాకే.

– హెడ్‌లైట్ల వెలుగు కిందికి పడేలా సరిచేయండి, లేకపోతే ఎదురొచ్చే వాళ్ల కళ్లలో పడుతుంది.