చియా గింజలు: నానబెట్టే తీరు, తినే కొలత

ముందు కొన్నది చియానో సబ్జానో చూసుకోండి. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కొన్ని గింజలు అరచేతిలో పోసుకుంటే తేడా తెలిసిపోతుంది. సబ్జా నల్లగా ఒకే రంగులో ఉంటుంది. చియా కోలగా, నున్నగా, బూడిద రంగు మీద సన్నటి ముదురు గీతలతో కౌజుపిట్ట గుడ్డులా ఉంటుంది. మధ్యలో తెల్ల గింజలూ కనిపిస్తాయి. నీళ్లలో సబ్జా ఐదారు నిమిషాల్లోనే ఉబ్బుతుంది, చియాకు అరగంట కావాలి.

చియా మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల పంట. ఇప్పుడు కర్ణాటకలో మైసూరు వైపు కూడా పండిస్తున్నారు.

టేబుల్ స్పూన్ చియా దాదాపు 12 గ్రాములు. అందులో పీచు 4 గ్రాములు, ప్రొటీన్ 2 గ్రాములు, కాల్షియం 75 మిల్లీగ్రాములు, ఒమేగా-3 సుమారు 2 గ్రాములు ఉంటాయి. అసలు లాభం పీచుదే: మలబద్ధకం తగ్గుతుంది, కడుపు నిండినట్టు ఉంటుంది. అంతమాత్రాన చియా ఒక్కదానితోనే బరువు తగ్గరు. కాల్షియం కోసమే అయితే నువ్వుల్లో ఇంకా ఎక్కువ. ఒమేగా-3 అవిసెల్లో ఎక్కువే, పైగా అవి చవక. కాకపోతే అవిసెల్ని పొడి చేసుకోవాలి, చియాను నానబెడితే చాలు.

ఆ నానబెట్టడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. గ్లాసులో గింజలు కుప్పగా పోసి పైన నీళ్లు పోస్తే ఉండ కడుతుంది. పై గింజల జిగురు అంటుకుపోయి లోపలికి నీరు దిగదు. ఆ ఉండను చిదిమితే నడుమ గింజలు పొడిగానే ఉంటాయి. అందుకే 250 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, స్పూన్‌తో తిప్పుతూ టేబుల్ స్పూన్ గింజల్ని కొద్దికొద్దిగా చల్లండి. ఐదు నిమిషాలాగి అడుగు గీకుతూ మళ్లీ తిప్పండి. అరగంటకు ప్రతి గింజ చుట్టూ తేటైన జిగురు పొర కనిపించాలి. ఉండ కట్టేసిందా? చిన్న కవ్వంతో చిలకండి, విడిపోతుంది.

పొడి గింజలు నోట్లో వేసుకుని నీళ్లు తాగడం మాత్రం వద్దు. 2014లో బయటికొచ్చిన ఒక కేసులో, అమెరికాలో ఒకాయన అలాగే మింగితే గింజలు అన్నవాహికలో ఉబ్బి అడ్డుపడ్డాయి, డాక్టర్లు ఎండోస్కోపీతో ఆ అడ్డు తొలగించాల్సొచ్చింది. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు అసలు తినకపోవడమే మేలు.

మొదటి వారం టీస్పూన్‌తో మొదలుపెట్టి, తర్వాత టేబుల్ స్పూన్‌కు వెళ్లండి. రోజుకు రెండు దాటనక్కర్లేదు. ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపుబ్బరం, గ్యాస్ వస్తాయి. నీళ్లు సరిగ్గా తాగకపోతే తగ్గాల్సిన మలబద్ధకమే పెరుగుతుంది. షుగర్, బీపీ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.

నానినదాన్ని మజ్జిగలోనో నిమ్మరసంలోనో కలపండి. రాగి జావలో వేసేటట్లయితే జావను కాస్త పలచగా కాచండి, చల్లారేకొద్దీ చిక్కబడుతుంది. ఇద్దరికి సరిపడే పుడ్డింగ్‌కి కాచి చల్లార్చిన పాలు 250 మిల్లీలీటర్లు, చియా 3 టేబుల్ స్పూన్లు. రెండుసార్లు తిప్పి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున మామిడి ముక్కలు వేసుకోండి. చపాతీకి రెండు కప్పుల పిండిలో టేబుల్ స్పూన్ చియా పొడి చాలు. నీళ్లు కాస్త ఎక్కువ పడతాయి, పిండిని పది నిమిషాలు నాననివ్వండి.

పొడిని వారానికి సరిపడా మాత్రమే చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టండి. నూనె ఎక్కువున్న గింజ కాబట్టి పొడి చేశాక తొందరగా కనరు వాసన పడుతుంది. ఆ వాసన వస్తే పారేయండి.