పాడైన హార్డ్ డిస్క్ నుంచి ఫైళ్లను బయటికి తీయడం ఎలా?

కంప్యూటర్ ఆన్ చేస్తే డీ డ్రైవ్ కనిపించదు. లేదా కనిపించినా, తెరవబోతే ముందు ఫార్మాట్ చేయమంటుంది. పిల్లల ఫొటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు, ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలు అన్నీ అందులోనే ఉన్నాయి. అలాంటప్పుడు చేతులు ఊరుకోవు. పదిసార్లు రీస్టార్ట్ చేస్తాం, కనిపించిన సాఫ్ట్‌వేర్‌నల్లా దించుకుని నడుపుతాం. దయచేసి అలా చేయకండి. ఎక్కువ సందర్భాల్లో డిస్క్ మొరాయించిన తొలి గంటలో ఫైళ్లు ఇంకా అక్కడే ఉంటాయి. వాటిని పోగొట్టేది ఆ తర్వాత మనం తొందరపడి చేసే పనులే.

ఇందుకు పెద్ద సాక్ష్యమే ఉంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక నేలకు తిరిగి వస్తూ ఆకాశంలోనే ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ ప్రాణాలు కోల్పోయారు. ఆ శిథిలాల్లో కాలి, కమిలిపోయిన ఒక హార్డ్ డిస్క్ దొరికింది. క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ నిపుణులు అందులోని పళ్లేలను (సమాచారం నిలిచే గుండ్రని బిళ్లలను) శుభ్రం చేసి, వేరే డ్రైవ్‌లో అమర్చి, దాదాపు 99 శాతం సమాచారాన్ని వెలికితీశారు. దాని ఆధారంగా ఒక జినాన్ వాయువు ప్రయోగ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. మంటకూ పతనానికీ తట్టుకున్న సమాచారం, పళ్లెం మీద గీత పడితే మాత్రం దక్కదు. దాని మీద ఇంకొకటి రాసినా అంతే.

మొదటి మెట్టు: ఆపేయండి

డిస్క్ అనుమానంగా ఉందంటే కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేయండి. అదీ కుదరనంతగా బిగుసుకుపోతే పవర్ బటన్‌ను నొక్కిపట్టి ఆపండి. తర్వాత ఏం చేయాలో నిదానంగా ఆలోచించుకోవచ్చు.

ఈలోగా చేయకూడనివి కొన్ని ఉన్నాయి. విండోస్ ఫార్మాట్ చేయమని అడిగితే వద్దనండి. డిస్క్ మేనేజ్‌మెంట్ ‘ఇనిషియలైజ్’ అంటే దానికీ వద్దనండి. ‘చెక్‌డిస్క్’ నడపకండి. ఫైళ్ల పట్టికలో పొరపాట్లను సరిచేయడం దాని పని, మీ ఫైళ్లను కాపాడటం కాదు. సరిచేసే క్రమంలో అది ఆ డిస్క్ మీదే రాస్తుంది. జబ్బుపడిన డిస్క్ మీద ఫోల్డర్ల నిర్మాణాన్నే చెరిపేయగలదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను కూడా ఫైళ్లు పోయిన డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకూడదు. అది వచ్చి కూర్చునే చోటే మీకు కావలసిన ఫొటో ఉండవచ్చు.

డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెడితే పనిచేస్తుందన్న సలహా ఇప్పటికీ తిరుగుతోంది. నమ్మకండి. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది, ఆ చెమ్మతో తిరిగితే పళ్లేలు పాడవుతాయి. పైమూత స్క్రూలు విప్పి చూడటం ఇంకా ప్రమాదం. నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరిగే పళ్లెం మీద, కొన్ని నానోమీటర్ల ఎత్తున, సమాచారాన్ని చదివే, రాసే హెడ్ తేలుతూ ఉంటుంది. మన గదిలో గాలిలో తేలే ధూళి రేణువు ఆ సందు కన్నా ఎన్నో రెట్లు పెద్దది.

రెండో మెట్టు: చెవి ఒగ్గి వినండి

ఒక్కసారి, ఒక్క నిమిషం పాటు మాత్రమే ఆన్ చేసి వినండి. జబ్బు ఏ రకమో శబ్దమే చాలావరకు చెబుతుంది.

టక్, టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంటే హెడ్లు పోయాయని ఎక్కువగా అర్థం. వెంటనే ఆపండి. ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు, ఇక డేటా రికవరీ ల్యాబే దిక్కు. సన్నగా బీప్‌మని మూలుగుతూ తిరగలేకపోతుంటే హెడ్ పళ్లేనికి అతుక్కుపోయి ఉండవచ్చు, మోటారు బిగుసుకుని ఉండవచ్చు. అదీ ల్యాబ్ పనే. తట్టి, కుదిపి విడిపించబోతే హెడ్ విరిగి పళ్లేన్ని గీరుతుంది.

అసలు చప్పుడే లేకపోతే కొంత ఆశ పెట్టుకోవచ్చు. విద్యుత్ హెచ్చుతగ్గులకో, వేరే అడాప్టర్ పెట్టినందుకో కింది సర్క్యూట్ బోర్డు మీది రక్షణ డయోడ్ కాలిపోయి ఉండవచ్చు. అది తాను పోయి డిస్క్‌ను కాపాడే భాగం. సోల్డరింగ్ తెలిసిన నిపుణుడికి అది పెద్ద పని కాదు. అయితే అదే మోడల్ పాత డిస్క్ కొని బోర్డు మార్చేస్తే సరిపోతుందనుకోవద్దు. ఆ డిస్క్‌కు మాత్రమే పనికొచ్చే కొలతలు బోర్డు మీది ఒక చిప్‌లో ఉంటాయి. ఆ చిప్‌ను కూడా కొత్త బోర్డుకు మార్చాలి.

మామూలుగా తిరుగుతూ, నెమ్మదిగా ఉన్నా, ఫోల్డర్ తెరిచేసరికి బిగుసుకుపోతున్నా, ఫైళ్ల అమరికను గుర్తుపట్టలేక విండోస్ ‘రా’ (RAW) అని చూపిస్తున్నా మీరే ప్రయత్నించవచ్చు. మిగిలిన మెట్లన్నీ అలాంటి డిస్క్ కోసమే.

మూడో మెట్టు: తేలికైన కారణాలను కొట్టేయండి

యూఎస్‌బీ కేబుల్ మార్చండి. బయటి డిస్క్‌ను హబ్‌కు కాకుండా నేరుగా కంప్యూటర్‌కు తగిలించండి. పెద్ద సైజు, అంటే 3.5 అంగుళాల డిస్క్‌కు విడిగా 12 వోల్టుల అడాప్టర్ కావాలి. యూఎస్‌బీ కరెంటు దానికి చాలదు. ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పోయి డిస్క్ బాగానే ఉండటం కూడా తరచూ జరిగేదే. అప్పుడు డిస్క్‌ను విప్పి, సాటా (డిస్క్‌ను కంప్యూటర్‌కు కలిపే మామూలు కనెక్షన్) నుంచి యూఎస్‌బీకి మార్చే కన్వర్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే కథ సుఖాంతం. బబుల్‌గమ్ కాగితంలా సన్నగా ఉండే ఎం.2 డిస్క్ అయితే అది ఎన్‌వీఎంఈ రకమో సాటా రకమో చూసి అందుకు తగిన పెట్టె కొనండి, రెండింటికీ ఒకటే పనిచేయకపోవచ్చు.

డిస్క్ ఆరోగ్యాన్ని చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో 05, సీ5, సీ6 వరుసలను చూడండి. మొదటిది ఇప్పటికే పక్కన పెట్టేసిన చెడు సెక్టార్ల (డిస్క్ మీది చిన్న చిన్న గడుల) లెక్క. సీ5 చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఎదురుచూస్తున్నవి. సీ6 ఇక చదవలేమని తేలినవి. వీటిలో సున్నా కాని అంకె కనిపించి, అది పెరుగుతూ పోతుంటే ఆ డిస్క్‌కు ఎక్కువ కాలం లేదు. ఒకసారి చూసి మూసేయండి, గంటకోసారి చూడటం వల్ల ఒరిగేది లేదు.

డిస్క్ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేని, చిప్‌లలో దాచే రకం) అయితే లెక్క వేరు. విండోస్ 7 నుంచీ ఉన్న ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల, తొలగించిన ఫైలు తాలూకు చోటు ఇక అక్కరలేదని విండోస్ డిస్క్‌కు చెప్పేస్తుంది. డిస్క్ తీరిక దొరికినప్పుడు దాన్ని నిజంగానే తుడిచేస్తుంది. కాబట్టి ఎస్‌ఎస్‌డీలో పొరపాటున తొలగిస్తే ఎంత త్వరగా కరెంటు తీసేస్తే అంత మంచిది. అప్పటికీ దొరుకుతుందన్న భరోసా లేదు.

ఇంకొక్క మాట. కొత్త ల్యాప్‌టాప్‌లలో విండోస్ తనంతట తానే బిట్‌లాకర్ అనే ఏర్పాటుతో డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి (తాళం లేనిదే చదవలేకుండా మార్చి) ఉండవచ్చు. అప్పుడు 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ లేనిదే ల్యాబ్ వాళ్లు కూడా ఏమీ చేయలేరు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి అది ఉందో లేదో ముందే చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి.

నాలుగో మెట్టు: ముందు నకలు, ఆ తర్వాతే వెతుకులాట

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే గుర్తుంచుకుంటారంటే, దీన్నే గుర్తుంచుకోండి. జబ్బుపడిన డిస్క్ మీద నేరుగా రికవరీ సాఫ్ట్‌వేర్ నడపడం చాలామంది చేసే పని. అది ఫైళ్ల కోసం డిస్క్‌ను ఈ చివర నుంచి ఆ చివరి దాకా జల్లెడ పడుతుంది. దొరకకపోతే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ మొదటి నుంచి. చెడు సెక్టార్ దగ్గర ఆగి, అక్కడే పదే పదే గీకుతుంది. కొనఊపిరితో ఉన్న హెడ్లు ఆ శ్రమకు ఓర్వలేవు. దాని బదులు డిస్క్ మొత్తాన్ని ఒక్కసారి, సెక్టార్‌కు సెక్టార్, ఇంకో డిస్క్ మీదికి ఇమేజ్‌గా దించుకుని, వెతుకులాట అంతా ఆ ఇమేజ్ మీద చేయాలి. అప్పుడు ఎన్నిసార్లు తప్పు చేసినా అసలుకు నష్టం ఉండదు.

దీనికి నేను చెప్పేది జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్. ఉచితం. సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్‌ను ఇంకో కంప్యూటర్‌లో రూఫస్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో పెన్‌డ్రైవ్ మీదికి ఎక్కించి, దానితో బూట్ చేస్తే అందులో డీడీరెస్క్యూ సిద్ధంగా ఉంటుంది. విండోస్‌లో ఎందుకు వద్దంటే, డిస్క్ తగిలించగానే అది తనంతట తాను చదవబోతుంది, రాయబోతుంది, బిగుసుకుపోతుంది. సిస్టమ్‌రెస్క్యూ అలా చొరబడదు.

పాడైన డిస్క్ కన్నా పెద్ద కొత్త డిస్క్ కావాలి. ఒక టీబీకి రెండు టీబీ ఉంటే హాయి. దాన్ని ఎన్‌టీఎఫ్ఎస్‌గానో ఎక్స్‌ఫ్యాట్‌గానో ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలును ఒప్పుకోదు. రెండింటి సీరియల్ నంబర్లనూ కాగితం మీద రాసుకుని, తెర మీద కనిపించే పేర్లతో రెండుసార్లు సరిచూసుకోండి. ఏది మూలం, ఏది గమ్యం అన్నది తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి మీ ఫైళ్ల మీద పడుతుంది, ఇక ఎవరూ తిరిగి తీయలేరు. అందుకే గమ్యంగా డిస్క్ పేరు కాకుండా, కొత్త డిస్క్‌లోని ఒక ఇమేజ్ ఫైలు పేరు ఇవ్వమంటాను.

డీడీరెస్క్యూకు మూడు పేర్లు ఇవ్వాలి: మూలం, ఇమేజ్ ఫైలు, మ్యాప్ ఫైలు. మూడోదాన్ని మరవకండి. ఎంత చదివింది, ఎక్కడ చదవలేకపోయింది అన్న చిట్టా అందులోనే ఉంటుంది. మధ్యలో కరెంటు పోయినా అదే ఆదేశం మళ్లీ ఇస్తే ఆగిన చోటు నుంచి మొదలవుతుంది. తొలి దఫా చిన్న అక్షరం ‘ఎన్’ (-n) ఐచ్ఛికంతో (ఆప్షన్‌తో) నడపండి. అప్పుడు అది మొరాయించే చోట్లను గీకకుండా దాటేసి, తేలిగ్గా వచ్చేదంతా ముందు తెచ్చుకుంటుంది. చాలామందికి దీనితోనే సింహభాగం దక్కుతుంది. ఆ తర్వాతే ఆ ఐచ్ఛికం తీసేసి రెండో దఫా. అప్పటికీ మిగిలిన చెడు చోట్లను ఒకటి రెండుసార్లు ప్రయత్నించి వదిలేయండి.

ఆరోగ్యంగా ఉన్న ఒక టీబీ డిస్క్‌ను సెకనుకు 100 ఎంబీ వేగంతో చదివితే మూడు గంటలు పడుతుంది. జబ్బుదైతే రోజులు పట్టవచ్చు. డిస్క్ మీద ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి, కంప్యూటర్‌ను యూపీఎస్‌కు కలపండి. మధ్యలో టక్ టక్ శబ్దం మొదలైతే మాత్రం అక్కడితో ఆపేయండి.

ఐదో మెట్టు: ఇమేజ్‌లో వెతకండి

ఇక అసలు డిస్క్‌ను విప్పి పక్కన పెట్టండి. ఇమేజ్‌ను ముందుగా టెస్ట్‌డిస్క్, డీఎండీఈ అనే రికవరీ సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకదానితో తెరవండి. ఫైళ్ల పట్టిక బతికి ఉంటే ఫోల్డర్లు, పేర్లు, తేదీలతో సహా కనిపిస్తాయి. డీఎండీఈ ఉచిత రూపంలో ఒక్కో ఫోల్డర్ నుంచి ఒక్కో విడతకు 4000 ఫైళ్ల వరకు తీసుకోవచ్చు. ఇంటి అవసరానికి చాలా ఎక్కువే.

పట్టిక పూర్తిగా పోయి ఉంటే ఫోటోరెక్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. ఇది పట్టికను పట్టించుకోదు, ఒక్కో రకం ఫైలు ఎలా మొదలవుతుందో ఆ గుర్తులను బట్టి ఏరుకుంటుంది. అందుకే పేర్లు ఉండవు, ఫోల్డర్లు ఉండవు, వేలకొద్దీ అంకెల పేర్లతో ఫైళ్లు కుప్పగా వస్తాయి. కాబట్టి ఇది చివర్లో. ఫొటోలైతే తీసిన తేదీ ఫొటో లోపలే దాగి ఉంటుంది, దానితో వరుస పెట్టుకోవచ్చు.

డీటీపీ పని చేసేవారికి ఒక సూచన. అనూ ఫాంట్లలో కూర్చిన పాత తెలుగు ఫైళ్లు తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల్లా కనిపించవచ్చు. పాడయ్యాయని తీసేయకండి. ఆ ఫాంట్లు ఇన్‌స్టాల్ చేసి మళ్లీ తెరవండి.

బయటికి తీసినవాటిని తెరిచి చూడాలి, పేరు కనిపిస్తే చాలదు. సగం బూడిదరంగులో ఉన్న ఫొటో, మొదటి నిమిషం తర్వాత ఆగిపోయే పెళ్లి వీడియో కూడా జాబితాలో నిక్షేపంలా కనిపిస్తాయి.

ల్యాబ్‌కు వెళ్లాల్సి వస్తే

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల కంప్యూటర్ బాగుచేసే దుకాణాలు వరుసగా ఉంటాయి. కానీ కంప్యూటర్ బాగుచేయడం వేరు, డిస్క్ తెరిచి సమాచారం తీయడం వేరు. హెడ్లు మార్చే పని ధూళి లేని ప్రత్యేక బల్ల మీద జరగాలి. డిస్క్ చేతికిచ్చే ముందు అడగండి: ఇక్కడే తెరుస్తారా, ఇంకెక్కడికైనా పంపుతారా? పీసీ-3000 లాంటి పరికరం ఉందా? పని కాకపోతే ఎంత తీసుకుంటారు? దొరికిన ఫైళ్ల జాబితాను డబ్బు కట్టే ముందు చూపిస్తారా? ఖర్చు వేలల్లో ఉంటుంది, హెడ్లు మార్చాలంటే ఇంకా పెరుగుతుంది. సీరియల్ నంబర్ రాసిన రసీదు తీసుకోండి. ఇంతకుముందు మీరేం ప్రయత్నించారో దాచకుండా చెప్పండి, వాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో దాన్ని బట్టే తేల్చుకుంటారు. ఎదుటే స్క్రూడ్రైవర్ తీసి మూత విప్పబోతే డిస్క్ తీసుకుని వచ్చేయండి.

ఫైళ్లు దక్కాక వాటిని రెండు వేర్వేరు డిస్క్‌ల మీదికి ఎక్కించండి. పాత డిస్క్‌ను ఫార్మాట్ చేసి మళ్లీ వాడుకోవద్దు. కొన్ని నెలలు బీరువాలో ఉంచండి, మరిచిపోయిన ఫోల్డర్ ఏదైనా అప్పుడు గుర్తుకు రావచ్చు. ఆ తర్వాత పాత సామాన్లవాడికి వేసేముందు డ్రిల్లింగ్ మిషన్‌తో పళ్లేల గుండా నాలుగైదు రంధ్రాలు వేయించండి. అందులో మీ ఆధార్, బ్యాంకు కాగితాలు ఇంకా ఉన్నాయి.