పరిశోధన పత్రాన్ని రచ్చబండ దాకా తీసుకెళ్లడం ఎలా?

శాస్త్రవేత్తతో కూర్చున్నప్పుడు ముందు ల్యాప్‌టాప్ తెరవనివ్వకండి. తెరిస్తే గ్రాఫుల్లో పడిపోతారు. "ఇది ఎవరికి, ఏ కష్టం తీరుస్తుందండీ?" అని అడగండి.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేసిన 'మెరుగైన సాంబ మసూరి' వరి రకాన్నే తీసుకుందాం. విడుదలైంది 2008లో. మూడు జన్యువులు, వాటి పేర్లు, మార్కర్లు అంటూ మొదలుపెడితే వినేవాళ్లు లేచిపోతారు. "బీపీటీ వరిని, అదే సాంబ మసూరిని, ఎండాకు తెగులు దెబ్బతీస్తుంది. దాన్ని తట్టుకునేలా, గింజ మాత్రం అదే సన్నగింజగా ఉండేలా చేశాం" అంటే రైతు కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు. ఆ మాట శాస్త్రవేత్త నోటినుంచే రాబట్టండి.

తర్వాత గట్టి పదాల పని పట్టండి. మార్కర్‌ని 'అణు సూచిక' అని తెలుగు చేస్తే ఒరిగేదేమీ లేదు, అది ఇంకో తాళం. ఇలా చెప్పి చూడండి: కొత్త ఊళ్లో ఇల్లు తెలియకపోతే "వేపచెట్టు పక్కన" అని గుర్తు చెబుతారు కదా. డీఎన్ఏలో జన్యువు పక్కనుండే అలాంటి గుర్తే మార్కర్. లేత మొక్క ఆకుముక్కలో ఆ గుర్తు కనిపిస్తే చాలు, తెగులు సోకేదాకా ఆగక్కర్లేదు. పోలిక ఎక్కడ తప్పుతుందో కూడా అడగండి. చెట్టు ఇంటికి దూరంగా ఉంటే వేరే గుమ్మం తడతాం. అందుకే జన్యువుకు బాగా దగ్గరి గుర్తునే వాడతారు. నిజానికి జనానికి బాగా గుర్తుండిపోయేది ఈ ముక్కే.

జనం అడిగే ప్రశ్నలు ముందే రాసుకోండి. మొదటిది ఖాయం: "జీఎం వరా, అంటే జన్యుమార్పిడి చేసిందా?" కాదు, మామూలు సంకరమే. మూడింటిలో ఒక జన్యువు మొదట ఆఫ్రికా అడవి వరిలో దొరికిందనీ చెప్పండి, దాస్తే అనుమానం పెరుగుతుంది.

హద్దులు చెప్పించండి. ఎండాకు తెగులు బ్యాక్టీరియా వల్ల వస్తుంది. అగ్గి తెగులు శిలీంధ్రం వల్ల వచ్చేది, ఈ జన్యువులు దాన్ని ఆపవు. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ ఈ బియ్యానికి 51 దగ్గర ఉందని "షుగర్ తగ్గించే బియ్యం" అని శీర్షిక పెట్టేవాళ్లుంటారు. అది అబద్ధం. రక్తంలో చక్కెర కాస్త నెమ్మదిగా పెరుగుతుంది, అంతే. ఎంత తిన్నామన్న లెక్క తప్పదు.

చివరగా సైన్సు చదవని ఒకరికి వినిపించండి. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. "ఇంట్లో ఎలా చెబుతారో చెప్పండి" అనండి. వాళ్లు తడబడిన చోట తిరగరాసి, శాస్త్రవేత్తకు పంపండి. తప్పులు మాత్రమే దిద్దమని ముందే మాట తీసుకోండి, లేదంటే తీసేసిన పదాలన్నీ మళ్లీ వచ్చి కూర్చుంటాయి.