నల్గొండ దిక్కు నియో నోయిర్ గ్యాంగ్‌స్టర్ షార్ట్ ఫిల్మ్ రాయాలంటే
నియో నోయిర్ అంటే నీడలు, నేరాలు, మంచీ చెడూ కలిసిపోయిన మనుషులతోని తీసే ఇప్పటి కాలపు సినిమా. ముందుగాల గన్ను పక్కకు పెట్టున్రి, మీ హీరోకు ఒక పని ఇయ్యున్రి. మిర్యాలగూడ తీస్కోన్రి, రైస్ మిల్లులు, లారీలు, హమాలీలు, వడ్డీ లెక్కలు, కథ అక్కడ్నే ఉంటది. మనోడు వడ్డీ వసూలుకు ఒక హమాలీ ఇంటికి పోతడు, ఆయన భార్య చెంబుల నీళ్లిస్తే చెప్పులు బయట ఇడిచి, కూసొని తాగి, చెంబు పైలంగ గోడకు పెట్టి, పోయేటప్పుడు వాళ్ల బండి తాళాలు జేబులేసుకుంటడు. డైలాగే వద్దు, గంతే సీను. వాడు మంచోడా చెడ్డోడా అని మీరు చెప్పొద్దు, చిన్నప్పటి కష్టాలు ఫ్లాష్‌బ్యాక్‌ల పెట్టి వాణ్ని మాఫీ చేస్తే పాత్ర అక్కడ్నే సచ్చిపోతది, చానా సినిమాలల్ల నాకు గదే బాధ.

ఇగ లైటింగ్. ఫ్రాన్స్ విమర్శకులు 1946ల కొన్ని అమెరికా సినిమాలకు నోయిర్ అని, అంటే నలుపు అని పేరు పెట్టిన్రు, అందుకే నీడలే మీ సెట్టు, రాత్రి మిల్లు గేటుకాడ ఒక్కటే బల్బు పక్కకెళ్లి పడాలె, సగం మొఖమే కనపడాలె, ఫోన్‌ల ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) తగ్గించి లాక్ చేయున్రి లేకుంటే కెమెరా నీడలన్నిటినీ తెల్లగ చేస్తది.

క్లైమాక్స్‌ల పోలీసులు పట్టుకునుడు వద్దు. దెబ్బలు తాకి వాడు మళ్ల ఆ చెంబు ఇంటికే పోవాలె, తలుపు కొట్టాలె, లోపల లైటు ఆరిపోవాలె.