కాపడం పెట్టుకుని పడుకోకండి: పాత నడుంనొప్పి ఉన్నవాళ్లకు చలికాలం జాగ్రత్తలు

చలి మొదలవగానే నడుం పట్టేస్తుంది, హాట్ వాటర్ బ్యాగు బయటికొస్తుంది, వెంటే ఆ వార్తలూ వస్తాయి: బ్యాగు పగిలి తొడలు కాలాయని, హీటింగ్ ప్యాడ్ మీద కునుకు తీసి లేచేసరికి నడుం మీద బొబ్బలు తేలాయని. మూడు నెలలు దాటినా వదలని నడుంనొప్పితో, దానితో పాటే వచ్చే దిగులుతో ఉన్నవాళ్లు చలి ముదరకముందే తెలుసుకోవాల్సిన సంగతులివి. ఎలా కూర్చోవాలి, బరువు ఎలా ఎత్తాలి అన్నవి ఇప్పటికే వందసార్లు విని ఉంటారు కాబట్టి వదిలేద్దాం.

ముంచే తప్పు ఒక్కటే. కాపడం పెట్టుకుని పడుకోవడం.

పడుకోవడం అన్న మాటకు మనకు రెండర్థాలు. ఇక్కడ రెండూ ప్రమాదమే. వేడి ఒంటికి ఆనించుకుని నిద్రపోతే చర్మం కాలుతుంది. కాపడంతో హాయిగా ఉంది కదా అని లేవకుండా మంచం మీదే ఉండిపోతే నడుం బిగుసుకుపోతుంది, మనసు కుంగుతుంది.

నిద్రపోతే ఏమవుతుంది

చర్మం కాలడానికి సలసల కాగే వేడి అక్కర్లేదు. వేడి ఎంత అన్నదానితో పాటు ఎంతసేపు అన్నదీ ముఖ్యం. 60 డిగ్రీల దగ్గర 5 సెకన్లు చాలు. 44 డిగ్రీలైతే సుమారు 6 గంటలు పడుతుంది, అంటే ఒక రాత్రి నిద్ర. చేత్తో తాకి "బాగానే ఉందే" అనుకున్న వేడే తెల్లారేసరికి గాయం చేస్తుంది.

ప్యాడ్ మీద వెల్లకిలా పడుకుంటే ఇంకా ముప్పు. ఒంటి బరువుకు అక్కడి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. మామూలుగా చర్మానికి తగిలిన వేడిని రక్తం మోసుకుపోతుంది. రక్తం ఆడకపోతే వేడి అక్కడే పేరుకుంటుంది. అందుకే ప్యాడ్ ఎప్పుడూ ఒంటి మీద ఉండాలి, ఒంటి కింద కాదు.

పాత నడుంనొప్పికి రాత్రిపూట ఇచ్చే ప్రీగాబలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు మత్తుగా నిద్ర పట్టిస్తాయి. మాత్ర వేసుకుని, ప్యాడ్ స్విచ్ వేసి, "పది నిమిషాల్లో తీసేద్దాం" అనుకుంటారు. ఆ పది నిమిషాల్లోనే నిద్ర ముంచుకొస్తుంది. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్లకు, డిస్కు జారి కాలిలోనో పిరుదులోనో తిమ్మిరి ఉన్నవాళ్లకు మంట కూడా తెలియదు. మొద్దుబారిన చోట కాపడమే వద్దు.

కాలకపోయినా, రోజూ గంటల తరబడి కాపుకుంటే నడుం మీద వలలాంటి గోధుమరంగు చారలు ఏర్పడతాయి. అవి కనబడ్డ రోజే కాపడం ఆపేసి చర్మ వైద్యులకు చూపించండి. తొందరగా ఆపితే చాలామందిలో మాసిపోతాయి. అలాగే కొనసాగిస్తే ఉండిపోతాయి. ఏళ్ల తర్వాత అరుదుగా అక్కడ చర్మ క్యాన్సర్ కూడా వస్తుంది.

లేవకపోతే ఏమవుతుంది

కాపడం వల్ల కలిగే ఉపశమనం నిజమే కానీ అది కొద్దిసేపటిది. పాత నొప్పిని లొంగదీసేది కదలికే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామాన్ని, మానసిక చికిత్సను సిఫారసు చేసింది. నడుం బెల్టులను మామూలుగా వాడొద్దంది.

కాబట్టి కాపడం 15 నుంచి 20 నిమిషాలే. కుర్చీలో కూర్చుని, అలారం పెట్టుకుని. మోగగానే తీసేసి, లేచి 5 నిమిషాలు ఇంట్లోనే నడవండి. కండరాలు సడలిన ఆ కాసేపే వ్యాయామానికి అదను. నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, నడుం ఒంపును మెల్లగా నేలకు నొక్కి 5 సెకన్లు ఉంచి వదలండి, 10 సార్లు. తర్వాత చేతులూ మోకాళ్లూ ఆనించి వంగి, వీపును గూనిలా పైకెత్తి మళ్లీ దించండి, 6 నుంచి 8 సార్లు. అదే భంగిమలో కుడిచెయ్యి ముందుకు, ఎడమకాలు వెనక్కి చాచి 8 సెకన్లు ఆగి, అటూ ఇటూ మార్చండి. నడుం ఊగుతుంటే కాలు ఎత్తొద్దు. పాదాన్ని నేల మీద వెనక్కి జార్చితే చాలు.

మనసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నొప్పి వల్ల కదలిక తగ్గుతుంది, కదలిక తగ్గితే దిగులు పెరుగుతుంది, దిగులుగా ఉన్నప్పుడు అంతే నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది. ఈ గొలుసు తెంపడానికి అన్నిటికంటే తేలిగ్గా చేతికందేది నడక. మనసు బాగున్నప్పుడు నడుద్దాం అనుకుంటే ఆ రోజు రాదు. గడియారం చూసుకుని లేవాలి.

2016లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఒంటి లోపలి వేడిని ఒక్కసారి 38.5 డిగ్రీల సెల్సియస్ దాకా పెంచితే డిప్రెషన్ లక్షణాలు కొన్ని వారాలు తగ్గాయి. అది ప్రత్యేక పరికరంలో, పరిశోధకుల పర్యవేక్షణలో చేసింది. వేడినీళ్ల టబ్బులోనో ఆవిరి గదిలోనో సొంతంగా చేయబోకండి. మానసిక జబ్బుకు లిథియం మాత్రలు వాడేవాళ్లు అసలు వద్దు. చెమటతో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు మోతాదు విషమయ్యేంత పెరగొచ్చు. నొప్పికీ దిగులుకూ ఇచ్చే డులోక్సెటిన్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు వేడినీళ్లలోంచి చటుక్కున లేస్తే కళ్లు తిరిగి పడొచ్చు.

మిగతావి

నొప్పి తగ్గిన రోజున మూడు రోజుల పని చేయకండి. మూడు రోజులు నడిచి, నొప్పి పెరగకుండా ఎన్ని నిమిషాలు నడవగలిగారో రాసుకోండి. సగటు 10 అయితే 8తో మొదలుపెట్టండి. వారానికి పదోవంతుకు మించి పెంచొద్దు. బాగున్న రోజూ అంతే, బాగోని రోజూ అంతే.

నిద్ర లేచిన మొదటి గంట ముందుకు బాగా వంగొద్దు. రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి.

వ్యాయామం చేస్తున్నప్పుడు నడుంలో నొప్పి కొద్దిగా పెరిగి మర్నాటికి సర్దుకుంటే కొనసాగించండి. నొప్పి మోకాలు దాటి కిందికి పాకితే ఆ వ్యాయామం ఆపేయండి.

వ్యాయామం చేసేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు.

నొప్పి ఆయింట్‌మెంట్ రాసిన చోట కాపడం పెట్టొద్దు. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ ఉన్నవాటితో చర్మం కాలిన కేసులున్నాయి.

తీవ్రమైన నొప్పికి చర్మం మీద అంటించే ఫెంటానిల్ మందు ప్యాచ్ ఉంటే దాని మీదే కాదు, దగ్గర్లో కూడా వేడి తగలకూడదు. మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగి ఊపిరి ఆగిపోవచ్చు.

కొత్తగా దెబ్బ తగిలి వాచిన చోట 48 గంటలు వేడి వద్దు.

బ్యాగులో మరిగే నీళ్లు పోయొద్దు. మూడింట రెండొంతులే నింపి, గాలి బయటికి నొక్కేసి బిరడా బిగించండి. గుడ్డ చుట్టకుండా వాడొద్దు. దాని మీద కూర్చోవద్దు. రబ్బరు బీటలిస్తే పారేయండి. బీటలు లేకపోయినా రెండేళ్లకు మార్చండి.

కరెంటు బ్యాగును ప్లగ్గులో ఉండగా ఒంటికి ఆనించొద్దు. ప్యాడ్‌ను మడవొద్దు, పిన్ను గుచ్చొద్దు.

కాలితే 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్ల ధార కింద ఉంచండి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు. షుగరు ఉంటే గాయం చిన్నదైనా డాక్టరుకు చూపించాలి.

నడక మొదలైంది కదా అని డిప్రెషన్ మాత్రలు సొంతంగా ఆపొద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

జ్వరంతో నడుంనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, ఎముకలు పలచబడినవాళ్లు కిందపడ్డాక మొదలైన నొప్పి: వీటికి వ్యాయామం కాదు, ముందు పరీక్ష.

మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, మల ద్వారం చుట్టూ మొద్దుబారినా, రెండు కాళ్లూ బలహీనపడుతున్నా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి. కాపడం పెట్టుకుని పొద్దున దాకా పడుకోవద్దు.