పాత ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్ మొదటిసారి విప్పేవాళ్లకు

"పిస్టన్ పోయింది, మార్చేస్తే అయిపాయె" అని ఎవరన్నా అంటే ఒక్క నిమిషం ఆగండి. పిస్టన్ దానంతట అది పోదు. మొదటిసారి నేను కూడా ఆ మాటే నమ్మాను. మా బాపు 1992లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బండి హన్మకొండలో మా రేకుల షెడ్డు కింద వడ్ల బస్తాల పక్కన ఏళ్ల తరబడి పడి ఉంటే, ఉత్సాహం ఆగక హెడ్ విప్పి, బోరు కొట్టించి (అంటే సిలిండర్ లోపలి గోడను కొద్దిగా పెద్దగా చెక్కించి), కొత్త పిస్టన్ కొత్త రింగులు వేసి, స్టార్ట్ కాగానే ములుగు రోడ్డెక్కాను. ఆత్మకూరు దాటింది. మల్లంపల్లి దగ్గరికి వచ్చేసరికి వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసింది, క్లచ్ నొక్కాను కాబట్టి కింద పడలేదు. బండి ట్రాలీ ఆటోలో ఇంటికొచ్చింది. విప్పి చూస్తే కొత్త పిస్టన్‌కు ఎగ్జాస్ట్ వైపు నిలువునా గీతలు, అల్యూమినియం కరిగి బోరుకు అంటుకుని ఉంది. తప్పు పిస్టన్‌ది కాదు. మాగ్నెట్ వైపున్న ఆయిల్ సీల్ ఎండి చెక్కలా అయింది, దాన్ని నేను ముట్టుకోనే లేదు.

ఇది టూ స్ట్రోక్ ఇంజిన్, ఇందులో పెట్రోలు, గాలి నేరుగా పైకి పోవు. ముందు క్రాంక్‌కేసులోకి (పిస్టన్ కింద క్రాంక్ తిరిగే గదిలోకి) వచ్చి, పిస్టన్ కిందికి దిగినప్పుడు అక్కడి నుంచి సిలిండర్‌లోకి తోసుకుపోతాయి. అంటే పిస్టన్ కింది భాగం కూడా ఒక పంపే, దానికి ఎక్కడా కారకూడదు. క్రాంక్‌కు రెండు పక్కలా రెండు సీళ్లుంటాయి. మాగ్నెట్ వైపు సీల్ పోతే బయటి గాలి లోపలికి వస్తుంది, గాలితో పోలిస్తే పెట్రోలు, ఆయిలు వంతు తగ్గుతుంది, ఇంజిన్ వేడెక్కి నాలాగే రోడ్డు మీద ఆగుతారు. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగేసుకుని తెల్లటి పొగ కొడుతుంది, కింద చుక్క కారకపోయినా గేర్ ఆయిల్ తగ్గుతూ ఉంటుంది. అందుకే పానా పట్టకముందే గేర్ ఆయిల్ ఎంతుందో చూడండి, స్పార్క్ ప్లగ్గు తీసి దాని కొస రంగు చూడండి. చాయ్ రంగులో ఉంటే సరే. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువవుతోందని అనుమానించాలి.

ఈ బండ్లు 1985 నుంచి 1996 దాకా వచ్చాయి, అంటే ఎంత కొత్తదైనా ఇప్పుడు దాని రబ్బరుకు పాతికేళ్లు దాటినట్టే. లోపల రబ్బరు ఏది కనబడినా మార్చేయడమే, బాగానే ఉంది కదా అని ఉంచుకోకండి.

సామాన్లలో పానాల సెట్టు ఎలాగూ ఉంటుంది. అది కాక ఇంపాక్ట్ డ్రైవర్ (సుత్తితో కొడితే తిరిగే స్క్రూ డ్రైవర్), మాగ్నెట్ పుల్లర్, సర్‌క్లిప్ ప్లయర్, ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకుల సెట్టు) తప్పకుండా కావాలి. పక్క కవర్ల స్క్రూలను మామూలు స్క్రూ డ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్లు పెట్టాల్సిందే. మాగ్నెట్‌ను పుల్లర్ లేకుండా సుత్తితో కొట్టి తీసేవాళ్లను చూశాను, దాంతో క్రాంక్ వంకర పోతుంది. మా చౌరస్తా దగ్గర ఒక చాచా ఉన్నాడు, నలభై ఏళ్లుగా ఇదే పని. "జల్దీ చేస్తే మళ్ల నా దగ్గరికే వస్తవ్ బేటా" అని నవ్వేవాడు, వెళ్లాను కూడా.

విప్పేటప్పుడు ఒక పెద్ద అట్టముక్క తీసుకుని కవర్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొడవులు వేరువేరుగా ఉంటాయి, పొడవు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే కేసు పగులుతుంది. ఫోన్‌లో ఫోటోలు కూడా తీసుకోండి, కానీ అట్ట అట్టే. గేర్ల సెట్టును మాత్రం షాఫ్టులతో సహా ఒకే ముద్దగా పక్కన పెట్టండి, పళ్లు విరగకపోతే వాషర్లు ఊడదీసి లెక్క తప్పించుకోవాల్సిన పని లేదు. క్రాంక్‌కేసు రెండు భాగాలు జత, ఒకటి పగిలితే వేరే బండిది తెచ్చి కలపడం కుదరదు. ఇంజిన్ నంబరు కూడా దాని మీదే ఉంటుంది కాబట్టి ఆర్‌సీ సంగతి గుర్తుంచుకోండి.

క్రాంక్ బయటికి వచ్చాక కాన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) పట్టుకుని ఊపి చూడండి. పక్కలకు కొద్దిగా కదలడం మామూలే. పైకీ కిందికీ లాగితే టక్ మందంటే దాని కింది కొసలో ఉండే బిగ్ ఎండ్ బేరింగ్ పోయింది, కాన్‌రాడ్ కిట్ వేయించాలి. ఇది ఇంట్లో అయ్యే పని కాదు. ప్రెస్ ఉండి, క్రాంక్‌ను సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజ్‌తో చూసే లేత్ షాపుకే ఇవ్వండి, ముల్లు 0.03 మి.మీ. కంటే ఎక్కువ ఊగకుండా చేయమని నోరు తెరిచి అడగండి. కంటితో చూసి "సీదాగుంది" అనే చోట ఇవ్వకండి.

బోరు విషయంలో చాలామంది తిరగేసి చేస్తారు. ముందు పిస్టన్ కొనాలి, దాన్ని చేతిలో పెట్టుకుని బోరింగ్‌కు వెళ్లాలి. ఈ ఇంజిన్ బోరు 50 మి.మీ., స్ట్రోకూ 50 మి.మీ., అలా 98 సీసీ. పిస్టన్లు 0.25 మి.మీ. చొప్పున పెద్ద సైజుల్లో దొరుకుతాయి. ఒకే సైజు అని రాసున్న రెండు పిస్టన్లు కొలిస్తే ఒకటి కావు, కాబట్టి మీ పిస్టన్‌ను కొలిచి, దాని డబ్బా మీద చెప్పిన క్లియరెన్స్ (పిస్టన్‌కూ బోరుకూ మధ్య ఉండాల్సిన ఖాళీ) కలిపి బోరు కొట్టాలి. బోరు అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని కిటికీల్లాంటి రంధ్రాల) అంచులు కత్తిలా ఉంటాయి, వాటిని కొద్దిగా మొద్దు చేయించకపోతే రింగు తట్టుకుని విరుగుతుంది. ఇది అడిగితే తప్ప చాలా చోట్ల చేయరు. ఇంటికొచ్చాక రింగు ఒక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్ తలతో సమంగా తోసి, రెండు కొసల మధ్య ఫీలర్ గేజ్ పెట్టండి: 0.15 నుంచి 0.35 మి.మీ. మధ్య ఉండాలి.

బేరింగులు కూర్చోబెట్టే పని నాకు భలే నచ్చుతుంది. కొత్త బేరింగులను ముందు రోజు రాత్రే ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రిజ్ పైఅరలో పెట్టండి. కేసును కిరోసిన్‌తో, తర్వాత సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి (పెట్రోలు వాసన ఉన్నదాన్ని పొయ్యి దగ్గరికి తేవద్దు), ఆపైన రొట్టెల పెనం మీద సన్న మంటకు పెట్టండి. నీటి చుక్క వేస్తే చుయ్‌మని ఎగిరిపోయే వేడి చాలు. అప్పుడు గుడ్డతో పట్టుకుని బేరింగు వేస్తే బావిలో చెంబు దిగినట్టు దానంతటదే దిగుతుంది, సుత్తి అక్కర్లేదు. మా అమ్మ ఆ పెనాన్ని ఇప్పటికీ మళ్లీ వంటకు వాడలేదు, కాబట్టి పాతది చూసుకోండి.

సీళ్ల పెదవికి కొద్దిగా గ్రీజు రాసి పెట్టాలి. కేసు రెండు ముక్కలు కలిపేటప్పుడు చేతి ఒత్తిడికి, చెక్క సుత్తి చిన్న దెబ్బలకు దగ్గరకు రావాలి. రాకపోతే బోల్టులతో లాగకండి, లోపల ఏదో అడ్డం ఉంది. గమ్ము పల్చగా పూయండి, ఎక్కువైతే అది ఆయిల్ దారిలోకే పోతుంది. బిగించాక క్రాంక్ వేలితో తిరగాలి, గేర్లు అన్నీ పడాలి.

పిస్టన్ మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు. రింగు కొసలు గాడిలో ఉన్న చిన్న పిన్నుకు రెండు పక్కలా కూర్చోవాలి, లేదంటే సిలిండర్ దించేటప్పుడే విరుగుతుంది. గజన్ పిన్ (పిస్టన్‌ను కాన్‌రాడ్‌కు కలిపే పిన్ను) సర్‌క్లిప్పులు పెట్టే ముందు క్రాంక్‌కేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒకసారి కుక్కలేదు, క్లిప్పు టింగుమని ఎగిరి లోపల పడింది, అయస్కాంతం కట్టిన తీగతో రాత్రి పదకొండు దాకా చేపలు పట్టినట్టు పట్టాను. పాత క్లిప్పు మళ్లీ వాడకండి.

ఇప్పుడు రెండోసారి నన్ను కాపాడిన పరీక్ష. పాత ప్లగ్గులో పింగాణీ పగలగొట్టి తీసి, ఆ ఖాళీలో సన్న రబ్బరు ట్యూబు పెట్టి ఎంసీల్‌తో మూసేయండి. ఆ ప్లగ్గును హెడ్‌లో బిగించి, ట్యూబు రెండో కొసకు డయల్ ఉన్న పాత బీపీ మిషన్ తగిలించండి. కార్బురేటర్ తగిలే చోట, సైలెన్సర్ తగిలే చోట సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి రేకుతో బిగించండి, ఆయిల్ పంపు పైపు ఉంటే అదీ మూయండి. పిస్టన్ కిందికి దించి, బల్బు నొక్కుతూ ముల్లును 250కి తెచ్చి వదిలేయండి. ఆరు నిమిషాలు కదలకపోతే పండగే. నిమిషానికి 50 చొప్పున పడిపోతుంటే సబ్బునీళ్లు పూసి బుడగ ఎక్కడ లేస్తుందో చూడండి. మాది సిలిండర్ కింది ప్యాకింగ్ దగ్గర లేచింది, అప్పుడే దొరికింది కాబట్టి మళ్లీ మల్లంపల్లి దాకా పోయే పని తప్పింది.

మిగతావి తొందరగా అయిపోతాయి: రీడ్ వాల్వు (కార్బురేటర్ వెనక గాలిని ఒకవైపుకే వదిలే రేకుల తలుపు) రేకుల మధ్య వెలుతురు కనబడకూడదు, కార్బురేటర్ జెట్లను తీగతో గుచ్చొద్దు, సైలెన్సర్ లోపలి పైపు కార్బన్ కాల్చి దులపండి. హెడ్ నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించండి.

మొదటి ట్యాంకుకు లీటరు పెట్రోలుకు 40 మి.లీ. టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ల ఆయిల్) కలపండి. పంపు ఉన్న బండైతే ముందు దానిలో గాలి తీసేసి, పెట్రోలులో కూడా లీటరుకు 20 కలపండి. స్టార్ట్ చేసి, సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలు చేతికి వేడి తగిలేదాకా ఉంచి, ఆపి పూర్తిగా చల్లారనివ్వండి, ఇలా మూడుసార్లు. తర్వాత చల్లగా ఉన్నప్పుడే హెడ్ నట్లు ఇంకోసారి చూడండి. మొదటి 500 కి.మీ. దాకా వేగం 40, 50 దాటొద్దు, అలాగని టాప్ గేర్‌లో గుంజుకుంటూ కూడా నడపొద్దు. 500 దగ్గర గేర్ ఆయిల్ మార్చి, తీసినదాన్ని తెల్లటి గిన్నెలో పోసి అయస్కాంతం తిప్పండి. వెండి పొడిలా సన్నగా అంటితే పర్వాలేదు. గోరంత ముక్కలు వచ్చాయా, అట్టముక్క ఎక్కడ పెట్టారో వెతుక్కోండి.