క్లౌన్ ఫిష్ రాత్రి పడుకునే చోటును భద్రంగా ఉంచడం ఎలా?

హైదరాబాద్ నాచారంలోని మా ఇంటికి క్లౌన్ ఫిష్ (ఉప్పు నీళ్లలో బతికే చిన్న చారల చేపలు) జంట వచ్చిన మొదటి రాత్రి, "ఏమండీ, చేప పోయినట్టుంది" అని మా ఆవిడ కేకేసింది. వెళ్లి చూస్తే ఒక చేప హీటర్ పక్క మూలలో, నీటి పైఅంచు దగ్గర ఒక పక్కకి ఒరిగి ఉంది. రంగు కూడా వెలిసింది. కంగారులో వల పెట్టాను. అది ఉలిక్కిపడి అద్దానికి గుద్దుకుంది. నిజానికి అది నిద్రలో ఉంది. ఆ దెబ్బ తగలకుండా చూడాల్సింది నేనే. కొత్తగా ఉప్పు నీళ్ల ట్యాంక్ పెట్టినవాళ్లెవరూ ఆ పొరపాటు చేయకూడదని ఇది రాస్తున్నాను.

ముందు నిద్రో జబ్బో తేల్చుకోండి

చేపలకు కనురెప్పలు ఉండవు కాబట్టి కళ్లు తెరిచే నిద్రపోతాయి. నిద్రలో క్లౌన్ ఫిష్ ఒరిగిపోవచ్చు, ఇసుక మీద పక్కకు పడుకోవచ్చు, తల పైకెత్తి ఒకేచోట తేలుతూ ఉండవచ్చు. దగ్గరగా చూస్తే పక్క రెక్కలు మెల్లగా ఆడుతుంటాయి, మొప్పలు నిదానంగా, ఒకే లయలో కదులుతుంటాయి. ఉదయం లైటు వెలిగిన కాసేపటికి రంగు తిరిగొచ్చి, మేత కోసం ముందుకొస్తే టెన్షన్ అక్కర్లేదు.

పగలు కూడా ఒరిగే ఉన్నా, మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నా, మేత ముట్టకపోయినా, ఒంటి మీద తెల్ల చుక్కలో జిగురు పొరో కనిపించినా అది జబ్బు కావచ్చు. వెంటనే వేరే ట్యాంకులోకి మార్చి చికిత్స మొదలుపెట్టాలి.

వారం రోజులు గమనించండి

సముద్రంలో క్లౌన్ ఫిష్, తంతువులతో పువ్వులా కనిపించే సముద్రజీవి అయిన తన ఎనిమోన్‌ను వదిలి దూరం పోదు. రాత్రి దాని తంతువుల మధ్యే పడుకుంటుంది. మన ట్యాంకులో ఎనిమోన్ లేకపోతే దానికి బదులు ఒక చోటు వెతుక్కుంటుంది. అది హీటర్ పక్కన కావచ్చు, పవర్‌హెడ్ (నీటిని కదిలించే చిన్న పంపు) కింద కావచ్చు, వెనక అద్దం మూల కావచ్చు. ఒకసారి నచ్చితే ప్రతి రాత్రీ అక్కడికే వస్తుంది. టార్చికి ఎర్ర జెలటిన్ పేపర్ చుట్టి చూడండి, ఆ వెలుతురు వాటిని అంతగా కలవరపెట్టదు. గది లైటు మాత్రం ఒక్కసారిగా వేయకండి.

ఆ చోటును మార్చకండి, భద్రం చేయండి

హీటర్ దగ్గర పడుకుంటే దానికి ప్లాస్టిక్ గార్డు తొడగండి. పవర్‌హెడ్ దగ్గరైతే నీళ్లు పీల్చే వైపు స్పాంజి పెట్టండి. పైభాగంలో పడుకునే చేప బెదిరితే బయటికి దూకుతుంది, కాబట్టి ట్యాంకు మీద సన్నని జాలీ తప్పనిసరి.

కుండీ పెట్టి చూడండి

నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఇదే. వేసవిలో రోడ్డు పక్కన రంజన్లు అమ్మేవాళ్ల దగ్గర ఐదారు అంగుళాల మట్టి కుండీ దొరుకుతుంది. రంగు, మెరుగు పూత ఉన్నది వద్దు. కడిగి, నాలుగైదు రోజులు ఆర్‌ఓ నీళ్లలో నానబెట్టి, పక్కకు పడుకోబెట్టి రాళ్ల మధ్య కదలకుండా ఇరికించండి. చేపలను పెంచి అమ్మేవాళ్లు కూడా ఇలాంటి కుండీలే వాడతారు, జంట గుడ్లు కూడా అందులోనే పెడుతుంది. నచ్చకపోతే చేప పాత మూలకే పోతుంది, పోనివ్వండి.

ఎనిమోన్ కొనాలనిపిస్తే తొందరపడకండి. ట్యాంకు కనీసం ఆరు నెలలు నిలకడగా నడిచాకే తేవాలి. కొత్త ట్యాంకులో అది చనిపోతే నీళ్లన్నీ పాడైపోతాయి. పైగా తొట్టెలో పుట్టి పెరిగిన చేపలు కొన్ని దాని జోలికే పోవు. రాతి పగడాల గురించి ఒక మాట: అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఎవరైనా అమ్ముతామన్నా కొనకండి.

రాత్రిని ఒకేలా ఉంచండి

లైటుకు టైమర్ పెట్టి, రోజుకు సుమారు పది గంటలు వెలిగించండి. తర్వాత అరగంట నీలి వెలుతురు, ఆపైన పూర్తి చీకటి.

మన ఊళ్లో అసలు కష్టం మే నెలలో ఉంటుంది. బయట 40 డిగ్రీలు దాటిన రోజున నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. చీకట్లో నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది. రెండు చేపలూ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది నిద్ర కాదు, ఊపిరాడని స్థితి. వెంటనే పవర్‌హెడ్‌ను పైకి తిప్పి నీటి ఉపరితలం కదిలేలా చేయండి. నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉండేలా నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి. ఫ్యాను గాలికి నీరే ఆవిరవుతుంది, ఉప్పు అలాగే ఉండిపోతుంది. అందుకే తగ్గినంత మేర ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయాలి. నీటి ఉప్పదనం కొలిచే రెఫ్రాక్టోమీటర్‌లో 1.025 దగ్గర నిలిస్తే చాలు. రాత్రి కరెంటు పోతే పనికొచ్చేలా బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి.

వినాయక చవితి రోజుల్లో డీజే మోతకు మా గోడ అదిరి, ట్యాంకు నీళ్లు వణుకుతాయి. స్టాండు కింద దళసరి రబ్బరు షీటు వేశాను, గోడకు నాలుగు వేళ్ల ఎడం వదిలాను. మా జంటలో పెద్దది, అంటే ఆడది, ఇప్పుడు కుండీ లోపల పడుకుంటుంది. మగది దాని అంచున ఒరుగుతుంది. పొద్దున ముందు కిటికీ కర్టెన్ తీస్తాను, పావుగంట తర్వాత ట్యాంకు లైటు వెలుగుతుంది, అవి రెండూ బయటికొచ్చాకే మేత వేస్తాను.